మతగురువు వేసిన లెక్క, నక్షత్రం ఇచ్చిన సాక్ష్యం

ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో థార్న్‌హిల్ అనే ఊరుంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి చర్చికి జాన్ మిచెల్ మతగురువు. చర్చి బాధ్యతలు చూసుకుంటూనే అయస్కాంతాల మీద, భూకంపాల మీద, నక్షత్రాల మీద పరిశోధన చేసినవాడు. 1783లో మిత్రుడు హెన్రీ కావెండిష్‌కు పంపిన లేఖలో ఆయన ఒక లెక్క వేశాడు. సూర్యుడంత సాంద్రతతో, సూర్యుడికి 500 రెట్ల అడ్డుకొలతతో ఒక నక్షత్రం ఉంటే, దాని ఆకర్షణను దాటి వెలుగు కూడా బయటికి రాలేదని తేల్చాడు. ఈ రోజు మనం కృష్ణబిలం అంటున్నదానికి తొలి ఊహ అదే.

ఆ లేఖలో అంతకన్నా విలువైన మాట మరొకటి ఉంది. వెలుగే రానిదాన్ని, కంటికి కనపడనిదాన్ని ఉందని ఎలా చెప్పడం? నమ్మకమే వృత్తిగా బతికిన మనిషి అక్కడ నమ్మమని అడగలేదు. అలాంటి దాని చుట్టూ వెలిగే నక్షత్రం ఏదైనా తిరుగుతుంటే, ఆ తిరిగే తీరును బట్టి నడుమ ఉన్నదేమిటో కనిపెట్టవచ్చని రాశాడు. అంటే తన ఊహతో పాటు, దాన్ని పరీక్షించే దారి కూడా చూపించాడు.

దాదాపు 190 ఏళ్ల తర్వాత ఆ దారే పనికొచ్చింది. 1964లో రాకెట్ మీద పంపిన పరికరాలు హంస నక్షత్రమండలంలో బలమైన ఎక్స్-కిరణాల మూలాన్ని గుర్తించాయి. దానికి సిగ్నస్ ఎక్స్-1 అని పేరు. 1971లో లూయీస్ వెబ్‌స్టర్, పాల్ మర్డిన్ ఒకవైపు, టామ్ బోల్టన్ మరోవైపు అక్కడున్న ఒక నీలి నక్షత్రాన్ని పరిశీలించారు. అది 5.6 రోజులకోసారి దేని చుట్టూనో తిరిగి వస్తోంది. ఆ జోడీ కనపడదు, కానీ బరువు మాత్రం లెక్కకు అందుతుంది. 2021 నాటి కొలత ప్రకారం అది సుమారు 21 సూర్యుల బరువు. నక్షత్రాల అవశేషాల్లో అతి దట్టమైన న్యూట్రాన్ తార కూడా అంత బరువు మోయలేదు, కూలిపోతుంది.

మన పాలపుంత నడిబొడ్డున దొరికిన సాక్ష్యం ఇంకా గట్టిది. రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీలోని టెలిస్కోపులతో, ఆండ్రియా గెజ్ బృందం హవాయిలోని టెలిస్కోపులతో ఏళ్ల తరబడి అక్కడి నక్షత్రాల దారులను గుర్తిస్తూ వచ్చాయి. ఎస్2 అనే నక్షత్రం సుమారు 16 ఏళ్లలో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఆ దారిని గీస్తే, నడుమ చాలా చిన్న చోటులో 40 లక్షల సూర్యుల బరువు ఇమిడి ఉందని తేలుతుంది. ఈ రెండు బృందాలూ ఒకదానికొకటి పోటీ. ఎదుటివారి లెక్కలో తప్పు దొరికితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నవారే. అయినా ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. 2020లో గెంజెల్, గెజ్‌లకు రోజర్ పెన్‌రోజ్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

2019 ఏప్రిల్ 10న లోకమంతా చూసిన నారింజ రంగు వలయం కథా ఇంతే. ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం నీడ చుట్టూ వెలిగే వలయం అది. ఆ చిత్రాన్ని తయారుచేసినవారు నాలుగు జట్లుగా విడిపోయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా పనిచేశారు. చూడాలనుకున్నదే కంటికి కనిపిస్తుందన్న భయం వారికి ఉంది. నాలుగు జట్లకూ వలయమే వచ్చాక గాని ముందుకు కదల్లేదు.

ఆ భయం ఉండాల్సిందే. ఈ చరిత్రలో దెబ్బతిన్న నమ్మకాల్లో మతానికి సంబంధం లేనివీ ఉన్నాయి. నక్షత్ర అవశేషం సూర్యుడికి 1.4 రెట్ల బరువు దాటితే తెల్ల మరుగుజ్జుగా నిలవలేదని మద్రాసులో చదువుకున్న యువకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కగట్టాడు. 1935 జనవరిలో లండన్ సభలో ఆర్థర్ ఎడింగ్టన్ దాన్ని అందరి ముందూ ఎగతాళి చేశాడు. నక్షత్రం అంత అసంబద్ధంగా కూలిపోదని ఆయన నమ్మకం. ఎడింగ్టన్ క్వేకర్ మతస్థుడు, చంద్రశేఖర్ నాస్తికుడు. కానీ ఆ తగాదాలో మత ప్రసక్తే లేదు. ప్రకృతి ఇలా ఉండాలి అన్న పెద్దమనిషి పట్టుదల ఒక యువకుడి లెక్కను ఏళ్ల తరబడి పక్కన పెట్టించింది. ఐన్‌స్టీన్ కూడా 1939లో కృష్ణబిలాల వంటివి నిజ ప్రపంచంలో ఉండలేవని వ్యాసం రాశాడు. చంద్రశేఖర్‌కు నోబెల్ 1983లో వచ్చింది.

మతానికీ ఈ శాస్త్రానికీ నడుమ నడవడం ఎలాగో బెల్జియం పూజారి జార్జ్ లెమైత్ర్ జీవితం చూపిస్తుంది. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే రాసినవాడు ఆయన. కృష్ణబిలం అంచు వద్ద సమీకరణాలు విరిగిపోవడం నిజమైన అడ్డంకి కాదని, మనం ఎంచుకున్న కొలతల వల్ల వచ్చిందని 1933లో చూపించిందీ ఆయనే. 1951 నవంబరులో పోప్ 12వ పయస్ విశ్వం పుట్టుక గురించిన కొత్త శాస్త్రాన్ని దేవుడి సృష్టికి మద్దతుగా చెప్పారు. సంబరపడాల్సిన పూజారి ఇబ్బందిపడ్డాడు. తన సిద్ధాంతం రేపు మారవచ్చు, దేవుణ్ణి దానికి ముడిపెట్టకూడదన్నది ఆయన పట్టు. మరుసటి ఏడాది రోములో ఖగోళ శాస్త్రవేత్తల సభలో పోప్ ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. 2024 జూన్‌లో వాటికన్ అబ్జర్వేటరీ లెమైత్ర్ గౌరవార్థం జరిపిన సదస్సులో కృష్ణబిలాలు ముఖ్యమైన అంశం.

లెమైత్ర్ జాగ్రత్త మన ఫోన్లలో తిరిగే సందేశాలకు ఎంతో అవసరం. విష్ణువు నాభి కృష్ణబిలమే అనీ, విశ్వరూపంలో అర్జునుడు చూసింది అదేననీ, ఖురాన్‌లో ముందే ఉందనీ ఎవరి గ్రంథం గురించి వారు పంపుతుంటారు. ఇవన్నీ శాస్త్రవేత్తలు కనిపెట్టాక వచ్చిన మాటలే. ఆ గ్రంథాలు చదివి ఒక్క నక్షత్రం తిరిగే కాలాన్నైనా ముందుగా చెప్పినవారు లేరు. తప్పని తేలే వీలు లేని మాట సాక్ష్యం కాలేదు. పైగా అలా అతికించడం భక్తికే నష్టం. విశ్వరూపం ముందు అర్జునుడి భయానికి, శరణాగతికి టెలిస్కోపు ధ్రువపత్రం ఎందుకు?

మన దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉంది. 499 నాటికే ఆర్యభటుడు గ్రహణాలు భూమి, చంద్రుల నీడల వల్లనేనని చెప్పి, వాటి లెక్క చూపాడు. గ్రహణం రోజు తిరుమల ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో మాత్రం తెరిచే ఉంచుతారు. రాహుకేతువుల పూజలు సాగుతాయి. ఆ పట్టువిడుపుల వేళలు తేల్చేది మాత్రం సూర్యచంద్రుల గమనాల గణితమే.

శ్రీకాళహస్తికి దూరం కాని శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న ఇస్రో ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని పంపింది. కృష్ణబిలాల వంటి మూలాల నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు ఏ దిశలో కంపిస్తున్నాయో దానిలోని పోలిక్స్ పరికరం కొలుస్తుంది. ప్రయోగాల ముందు శాస్త్రవేత్తలు సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకోవడం పరిపాటి. దాన్ని తప్పుపట్టేవారున్నారు. కానీ మొక్కినవారికీ మొక్కనివారికీ పరికరం ఒకే అంకె ఇచ్చినంతకాలం ఆ దర్శనం వల్ల శాస్త్రానికి వచ్చే హాని లేదు.

కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను అమెరికాలోని రెండు లైగో యంత్రాలు 2015లో తొలిసారి పట్టుకున్నాయి. మూడోదాన్ని మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, జ్యోతిర్లింగంగా భక్తులు కొలిచే నాగనాథుడి ఔంఢా దగ్గర కట్టడానికి కేంద్రం 2023 ఏప్రిల్‌లో సుమారు 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అంత దూరాన మరో యంత్రం ఉంటే, తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో ఇప్పటికన్నా కచ్చితంగా చెప్పవచ్చు. టెలిస్కోపులను ఎటు తిప్పాలో అప్పుడు తెలుస్తుంది.