గోడపై పండ్ల పాత చిత్రాలు: అలంకరణ వెనుక శాస్త్ర చరిత్ర

ఇళ్ల గోడలపై అలంకరణగా కనిపించే పాతకాలపు పండ్ల చిత్రాలు నిజానికి అలంకరణ కోసం గీసినవి కావు. ఛాయాచిత్రాలు లేని కాలంలో ఒక మొక్కను కచ్చితంగా గుర్తించేందుకు శాస్త్రవేత్తలు చిత్రకారులపైనే ఆధారపడ్డారు. ఒకే కాగితంపై కొమ్మ, పూత, కోసిన పండు, గింజ విడివిడిగా కనిపించడానికి ఇదే కారణం.

సామర్లకోట నుంచి లండన్‌కు

ఈ చరిత్రలో ఆంధ్ర తీరానికి ముఖ్య స్థానం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేస్తూ, స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించారు. వాటి నుంచి ఎంపిక చేసిన 300 చిత్రాలు 1795–1820 మధ్య లండన్‌లో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. తాటి, వెలగ, తునికి వాటిలో ఉన్నాయి. ఆయన గీయించిన 2,500కు పైగా చిత్రాలు హౌరాలోని బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి.

అయితే ఆ చిత్రకారుల పేర్లు చాలావరకు నమోదు కాలేదు. అనంతర కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రాబర్ట్ వైట్ మాత్రం తన చిత్రకారులు రంగయ్య, గోవిందుల పేర్లను ప్రస్తావించారు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరిట ‘గోవిందూయా’ అని నామకరణం కూడా చేశారు.

ఉచితంగా లభించే నిధి

అమెరికా వ్యవసాయ శాఖ ప్రధానంగా 1886–1942 మధ్య గీయించిన పండ్ల చిత్రాలు 7,584 ఉన్నాయి. వీటిలో సుమారు సగం ఆపిల్ రకాలవే. ఒక్క డెబోరా గ్రిస్కమ్ పాస్‌మోర్ 1,500కు పైగా చిత్రాలు వేశారు. కొత్త రకాలను రైతులు, నర్సరీల వారు గుర్తించేందుకు ఇవి ఉపయోగపడ్డాయి. ప్రస్తుతం ఈ సేకరణను ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు.

అసలు, నకలు తేడా

భూతద్దంతో చూసినప్పుడు క్రమబద్ధమైన చిన్న చుక్కలు కనిపిస్తే అది ఆధునిక ముద్రణ. పాత రాగిరేకు ముద్రణలో గీతలు తెగకుండా ఉంటాయి. కాగితం అంచుల వద్ద రేకు నొక్కుడు గుర్తు కూడా కనిపించవచ్చు.

అసలు ప్రతులపై మోజుకు మరో పార్శ్వం ఉంది. విడి పుటలకు మంచి ధర పలుకుతుండటంతో కొందరు వ్యాపారులు అరుదైన గ్రంథాలను విప్పి అమ్ముతున్నారు. ఒకసారి విడిపోయిన పుటలు తిరిగి ఒక్కచోట చేరడం దాదాపు అసాధ్యం. బొమ్మతో పాటు ఉండే వివరణ, సందర్భం కూడా పోతాయి. అందువల్ల గోడకు నకలు ప్రతే మేలు. వందేళ్లు దాటిన అసలు చిత్రాలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తరలించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తోందని కూడా గుర్తుంచుకోవాలి.

వేలాడదీసేటప్పుడు

అసలైనా, నకలైనా కాగితానికి ఎండ, తేమ ప్రధాన శత్రువులు. నేరుగా ఎండ పడే గోడ, వర్షాకాలంలో చెమ్మగిల్లే గోడ, వంటగది పొయ్యి పరిసరాలు అనువైనవి కావు. అద్దం కాగితానికి అంటుకోకుండా మధ్యలో ఆమ్లరహిత అట్టను అమర్చాలి. చట్రం వెనుక పండు పేరు, గ్రంథం, సంవత్సరం, తెలిసినట్లయితే చిత్రకారుడి పేరు రాసి ఉంచితే, ఆ వివరాలు తర్వాతి తరానికీ అందుతాయి.