చాపపై నేర్చి... మంచుపై గెలిచి!

స్కీయింగ్ అనగానే స్విట్జర్లాండో, గుల్మార్గో గుర్తొస్తాయి. మంచు పడని ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ ఆట టీవీలో చూసి ఆనందించడానికే అనిపిస్తుంది. కానీ, ప్లాస్టిక్ కుచ్చుల చాప మీద ఓనమాలు దిద్దుకుని ప్రపంచకప్ పోటీ గెలిచినవాళ్లూ ఉన్నారు!

ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో 2022 జనవరిలో స్లాలమ్ పోటీ జరిగింది. వాలు మీద పాతిన కర్రల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దూసుకురావడమే స్లాలమ్. అందులో 35 ఏళ్ల డేవ్ రైడింగ్ మొదటి స్థానంలో నిలిచాడు. ఆల్పైన్ ప్రపంచకప్ పోటీలో బ్రిటన్‌కు అదే తొలి గెలుపు. అతనితో తలపడిన వాళ్లలో చాలామంది మంచు కొండల నీడన పెరిగినవాళ్లే. అతను మాత్రం ఇంగ్లండులోని లాంకషైర్‌లో, పెండిల్ క్లబ్బు వాళ్ల కృత్రిమ వాలు మీద ఆట నేర్చుకున్నాడు. 2017లో అదే కిట్జ్‌బ్యూల్‌లో రెండో స్థానం దక్కింది. మొదటి స్థానానికి ఇంకో ఐదేళ్లు పట్టింది.

బ్రష్షుల కొండ

ఈ కృత్రిమ వాలును ‘డ్రై స్లోప్’ అంటారు. గుట్ట మీద వాలుగా ప్లాస్టిక్ కుచ్చుల చాపలు పరుస్తారు. బట్టలుతికే బ్రష్షులను వెల్లకిలా పేర్చినట్టు ఉంటుంది. స్కీలు సులువుగా జారడానికి నీళ్లు చిలకరిస్తారు. బ్రిటన్‌లో 1960ల నుంచీ ఇవి ఉన్నాయి. ఎడిన్‌బరా శివార్లలోని హిల్లెండ్ వాలు వాటిలో పేరున్నది. 2014 సోచి ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ కాంస్యం గెలిచిన జెన్నీ జోన్స్ కూడా తొలి పాఠాలు ఇలాంటి వాలు మీదే నేర్చుకుంది. మంచు మీద ఆడే ఆటల్లో బ్రిటన్‌కు అదే మొదటి ఒలింపిక్ పతకం!

పడటమూ పాఠమే

మొదటిరోజే పైకెక్కి జారేస్తామంటే కుదరదు. గట్టి బూట్లు తొడుక్కుని, స్కీలు బిగించుకుని, పీతలా పక్కకు అడుగులేస్తూ వాలు ఎక్కడం నేర్చుకోవాలి. తర్వాత ఆగడం. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. పిల్లలకు అర్థమయ్యేలా దీన్ని ‘పిజ్జా ముక్క’ అంటారు. ఎడమకాలి మీద బరువేస్తే కుడికి, కుడికాలి మీద వేస్తే ఎడమకు మలుపు తిరుగుతారు. భయంతో వెనక్కి వాలితే మాత్రం స్కీలు మాట వినవు.

పడక తప్పదు. మంచయితే కాస్త మెత్తగా ఉంటుంది. ఇక్కడ చర్మం గీరుకుపోతుంది. బొటనవేలు చాప సందుల్లో ఇరుక్కుంటే కీలు బెణుకుతుంది. అందుకే ఎండాకాలంలోనైనా నిండు చేతుల చొక్కా, గ్లవ్స్ ఉండాల్సిందే. పడేటప్పుడు పిడికిలి బిగించమని ముందే చెబుతారు. ఈ గరుకుదనంలో ఓ మేలూ ఉంది. కాలు సరిగా వేయకపోతే చాప వెంటనే పట్టేస్తుంది. దాంతో తప్పు ఎక్కడో అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

ఎడారిలో మంచు

అసలు మంచునే ఇంటిలోపల కురిపించేవాళ్లూ ఉన్నారు. 2005లో మొదలైన ‘స్కీ దుబాయ్’ అలాంటిదే. బయట ఎండ 40 డిగ్రీలు దాటినా లోపల సున్నా కంటే తక్కువే. యంత్రాలతో తయారుచేసిన మంచు మీద 400 మీటర్ల దాకా జారొచ్చు. గల్ఫ్‌లో ఉన్న తెలుగు పిల్లలకు స్కీయింగ్ నేర్చుకోవాలంటే ఆల్ప్స్ దాకా వెళ్లక్కర్లేదు, షాపింగ్ మాల్‌కి వెళ్తే చాలు. ఇక డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో చెత్తను కాల్చి కరెంటు, వేడి తయారుచేసే కర్మాగారం కప్పునే కొండగా మార్చి, 2019లో స్కీయింగ్‌కి తెరిచారు!

చాప ఎంత బాగున్నా మంచుకు సాటి కాదు. లోతు మంచులో జారడం, గడ్డకట్టిన వాలు మీద నిలదొక్కుకోవడం అక్కడికెళ్లి నేర్చుకోవాల్సిందే. కానీ నిలబడటం, మలుపు తిరగడం, ఆగడం, పడి లేవడం... ఈ నాలుగూ నేర్చుకోవడానికి మంచు కురిసే దాకా ఎదురుచూడనక్కర్లేదు.