తెలుగు దినసరి ధారావాహికలో కథానిర్మాణం: ‘కార్తీకదీపం’ – ఒక పరిశీలన

హాంకాంగ్‌కు చెందిన టీవీబీ సంస్థ కాంటనీస్ భాషలో నిర్మించిన ‘ది బండ్’ (1980) ధారావాహిక 25 భాగాలలో, కథానాయకుని మరణంతో ముగిసింది. తెలుగు దినసరి ధారావాహికల నిడివి ఇందుకు పూర్తిగా భిన్నం. స్టార్ మా ఛానల్‌లో 2017 అక్టోబరు నుండి 2023 జనవరి వరకు ప్రసారమైన ‘కార్తీకదీపం’ 1,500 భాగాలను దాటింది. ఇంతటి దీర్ఘకథనాన్ని నిలిపిన సూత్రాన్ని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

ఇది మలయాళ ధారావాహిక ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. మోనిత పన్నిన కుట్ర వల్ల తనకు సంతానం కలగదని నమ్మిన డాక్టర్ కార్తీక్, గర్భవతియైన భార్య దీప శీలాన్ని శంకిస్తాడు. ఇల్లు విడిచిన దీప వంటలు చేసి కుమార్తె శౌర్యను పెంచుతుంది. కవలలలో రెండవ బిడ్డ హిమ, తన కూతురేనని తెలియని కార్తీక్ వద్దనే పెరుగుతుంది.

ఈ సత్యం ప్రేక్షకులకు ముందే తెలుసు. కార్తీక్‌కు అది ఎప్పుడు తెలుస్తుందన్నదే ఉత్కంఠ. ఒక్క వైద్యపరీక్షతో తేలిపోయే సందేహాన్ని తేలనీయకపోవడమే ఇక్కడి కథాసూత్రం. మేనిఛాయ కారణంగా అవమానాలు పొందిన స్త్రీని నాయికగా నిలపడం ఈ ధారావాహిక విశిష్టత. అయినప్పటికీ ఆమె నిర్దోషిత్వం భర్త అంగీకారం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. కథ సాగినకొద్దీ నిర్దోషికి శిక్ష కూడా సాగింది. కనుక దినసరి ధారావాహిక నిడివిని వ్యాపారావసరంగా మాత్రమే గాక, స్త్రీవాద దృక్పథంతోనూ విశ్లేషించవలసి ఉంది.