నీళ్లు మానేస్తే తీరని ఇబ్బంది

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధి వచ్చినవారిలో నడక తడబాటు, కాళ్ల తిమ్మిర్లు, చూపు మసకబారడం ఇంట్లోవారి కళ్లబడతాయి గనుక డాక్టరు దాకా వెళతాయి. మూత్రం ఆపుకోలేకపోవడం, వచ్చినట్టే ఉండి రాకపోవడం మాత్రం రోగి నోటివెంట సులువుగా రావు. ఈ వ్యాధి ఉన్నవారిలో సగానికి మించి ఏదో ఒక దశలో ఈ ఇబ్బంది పడేవారే అయినా, చాలామంది దాన్ని వయసుకో, కాన్పులకో, ప్రోస్టేటుకో అంటగట్టి సర్దుకుపోతారు.

ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో ఒక ప్రత్యేక వ్యాధిగా వివరించిన ఈ రుగ్మతలో, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులోను, వెన్నుపాములోను నరాలను కప్పి ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను దెబ్బతీస్తుంది. పొర ఊడిన చోట మచ్చ కడుతుంది, అక్కడ కబురు మందగిస్తుంది, లేదా దారి తప్పుతుంది. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య బయటపడే ఈ వ్యాధి పురుషులకంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం.

మూత్రాశయం 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టే కండరపు సంచి. అది నిండుతున్నంతసేపు గోడలు వదులుగా, కింది ద్వారం బిగువుగా ఉండాలి. విసర్జన వేళ గోడలు బిగుసుకుంటూ ఉంటే అదే క్షణంలో ద్వారం సడలాలి. ఈ పొత్తు కుదిర్చే కేంద్రం మెదడు కాండంలో ఉంటే, ఆజ్ఞ అందుకునే కేంద్రం వెన్నుపాము అడుగున ఉంది. నడుమ వెన్నుపాము పొడవునా సాగే ఆ దారిలో ఎక్కడ మచ్చ పడినా పొత్తు చెడుతుంది. కొందరిలో సంచి సగం నిండకముందే ముడుచుకుని, గది దాటేలోపే బట్టలు తడుస్తాయి. కొందరిలో గోడ నెడుతున్నప్పుడే ద్వారం కూడా బిగుసుకుని, ధార ఆగి ఆగి వచ్చి, లోపల మూత్రం మిగిలిపోతుంది. మరికొందరిలో గోడకే బలం చాలదు. ఒకే మనిషిలో రెండు మూడు లోపాలు కలగలిసి ఉండడం కూడా మామూలే.

విజయనగరం జిల్లా గరివిడి వంటి ఊళ్లలో మూత్రం మంట పుడితే ముందుగా వినబడే మాట ‘వేడి చేసింది’ అన్నదే. మజ్జిగో, బార్లీ నీళ్లో తాగి ఊరుకుంటారు. తాగడంలో తప్పు లేదు గాని, నాడీవ్యాధి ఉన్నవారిలో ఆ మంట ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇంతకంటే పెద్ద పొరపాటు నీళ్లు మానేయడం. విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి బస్సులో బయలుదేరవలసిన స్త్రీ, దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ముందురోజు రాత్రి నుంచే గొంతు తడుపుకోదు. ఆమె భయం అర్థం లేనిది కాదు, ఆ లోటు ఆమెది కూడా కాదు. అయితే నీరు తగ్గితే చిక్కబడిన మూత్రం సంచి గోడను మరింత రేపుతుంది, మలబద్ధకం పెరిగి పేగు మూత్రాశయాన్ని ఒత్తుతుంది, నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ఆ ఇన్ఫెక్షన్‌తోనే మరో ప్రమాదం పొంచి ఉంది. శరీర శ్రమ తర్వాత ఈ రోగుల చూపు తాత్కాలికంగా మసకబారుతుందని జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లో గమనించాడు. ఒంటి వేడి కాస్త పెరిగినా మైలిన్ ఊడిన నరాల్లో కబురు ఇంకా మందగించడమే దీనికి కారణమని తర్వాత తేలింది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో జ్వరం తగిలిన రోగికి హఠాత్తుగా కాళ్లు చచ్చుబడినట్టయితే వ్యాధి తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. నిజానికి ఇన్ఫెక్షన్ తగ్గితే ఆ బలహీనత చాలావరకు తగ్గవచ్చు. రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఎక్కించే ముందు మూత్రపరీక్ష చేయించడం ఇందుకే. మరోవైపు, ఏ లక్షణమూ లేకుండా పరీక్షలో సూక్ష్మజీవులు కనబడినంత మాత్రాన యాంటీబయాటిక్ వాడడం సాధారణంగా అనవసరం. అలా వాడగా వాడగా మందుకు లొంగని జీవులే మిగులుతాయి.

చికిత్సకు తొలిమెట్టు, మూత్రం పోసిన వెంటనే స్కాన్ తీసి లోపల ఎంత మిగిలిందో చూడడం. ఈ చిన్న పరీక్షను దాటవేయకూడదు, ఎందుకంటే సంచి దూకుడును తగ్గించే ఆక్సీబ్యుటినిన్, సాలిఫెనసిన్ వంటి మాత్రలు, ఇప్పటికే మూత్రం నిలిచిపోతున్నవారికి ఒంటరిగా ఇస్తే ఆ నిలవ ఇంకా పెరుగుతుంది; నోరు ఎండడం, మలబద్ధకం సరేసరి. మాత్రలకు లొంగనివారికి మూత్రాశయపు గోడలో బోటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ వేసే పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో అనుమతి ఇచ్చింది. దాని ప్రభావం కొన్ని నెలలే ఉంటుంది, మళ్లీ వేయించుకోవాలి.

మూత్రం నిలిచేవారికి అన్నిటికంటే పెద్ద ఆసరా క్యాథెటర్ అనే సన్నని గొట్టం. అమెరికన్ వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో రోగి సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కుని, శుభ్రమైన క్యాథెటర్‌ను రోజుకు కొన్నిసార్లు తానే లోపలికి పంపి, సంచి ఖాళీ చేసుకుని తీసేస్తాడు. ఎప్పుడూ అమర్చి ఉంచే గొట్టంకంటే దీనితో ఇన్ఫెక్షన్లు తక్కువ. చేయి వణికేవారికి, చూపు ఆననివారికి భర్తో, కూతురో, అక్కో నేర్చుకుని సాయం చేయవచ్చు. మొదటి రోజుల్లో అద్దం పెట్టుకుని, పక్కన నర్సు నిలబడి చూపిస్తే, వారం పది రోజుల్లో చాలామందికి చేతికి అలవాటవుతుంది.