అంధమాతలు: గృహధర్మము, ఉద్యోగధర్మము

శ్రవణకుమారుని కథ ఎరుగని తెలుగు బాలుడు గాని బాలిక గాని ఉండరు. చూపులేని తల్లిదండ్రులను కావడిలో కూర్చుండబెట్టి భుజముపై మోసిన ఆ కుమారుని భక్తిని తరతరములుగా మనము కొనియాడుచున్నాము. అది కొనియాడదగినదే. అయితే ఆ కథ వినునపుడు మన మనస్సున నిలుచు తల్లి రూపము ఒక్కటే: కావడి తట్టలో చేతులు ముడుచుకొని కూర్చున్న రూపము. అంధురాలగు తల్లి యనగానే పరులు మోయవలసిన భారము అను తలంపు మనకు కొంతవరకు ఇట్లే అలవడినది. కాని అంతటి గుణవంతుడగు కుమారుని కని, పెంచి, ధర్మము నేర్పిన దెవరు? అతడు కావడి ఎత్తుకొనుటకు పూర్వము ఎన్ని యేండ్లు ఆ తల్లి అతనిని ఎత్తుకొని యుండవలెను! ఆ భాగమును కథకులు చెప్పరు, మనమును అడుగము.

మేము ఈ వ్యాసమున చెప్పబూనినది ఆ చెప్పని భాగమును గూర్చియే. చూపులేని స్త్రీలు నేడు ఉద్యోగములు చేయుచున్నారు, బిడ్డలను పెంచుచున్నారు. వారి కష్టములలో కొన్ని చూపు లేకపోవుటచే కలుగునవి. వానికి ఉపాయములు కలవు. తక్కినవి ఇతరుల తక్కువ అంచనాచే కలుగునవి. వానిని తొలగించుట మన చేతిలో నున్నది.

మొదట అంధత్వమనగా నేమో తెలిసికొనవలెను. 2011 జనాభా లెక్కలలో చూపునకు సంబంధించిన వైకల్యము గలవారు మన దేశమున సుమారు 50 లక్షల మంది యని తేలినది. వీరందరును కటిక చీకటిలో నుండువారు కారు. కొందరికి వెలుతురు నీడల భేదము తెలియును. కొందరికి దగ్గరి వస్తువు మసకగా కనబడును. కొందరికి ఏమియు కనబడదు. పుట్టుకతో చూపులేని స్త్రీ బాల్యము నుండియు చెవితోను వ్రేళ్లతోను పనిచేయ నేర్చి యుండును. నడివయస్సున చూపు పోయిన స్త్రీ ఎరిగిన పనినే మరల క్రొత్త విధమున నేర్చుకొనవలసి యుండును. కావున అంధులందరును ఇట్టివారే యని ఒక్కమాటలో చెప్పుట తగదు.

ఇక గృహము మాట. “చూడకుండ బిడ్డ నెట్లు పెంచును?” అని అందరును అడుగుదురు. ఆలోచించినచో తల్లి చేయు పనులలో చాల భాగము చేతి పనులు, చెవి పనులు. నడిరేయి దీపము వెలిగింపకయే, బిడ్డ ఏడుపు విని అది ఆకలి ఏడుపో కడుపునొప్పి ఏడుపో చెప్పగల తల్లులు మన ఊళ్లలో ఇంటింటను కలరు. నుదుట చేయి వేసి జ్వరము తెలిసికొనుటకు కన్నులతో పనిలేదు. ఎసరు పెట్టునపుడు వ్రేలి కణుపుతో నీరు కొలుచుట మన వంటిండ్ల ఆచారము. పోపు వేగినదని ఆవాల చిటపటయే చెప్పును. రాగి సంగటి ఉడికినదో లేదో తడిచేతితో తాకి తెలిసికొనుట ఈ ప్రాంతపు స్త్రీలందరును ఎరిగిన విద్య.

అంధురాలగు తల్లి ఈ విద్యలనే మరికొంత పెంపుచేసికొనును. అన్నము తినిపించునపుడు ఒక చేతి వ్రేలిని బిడ్డ గడ్డమున ఆనించి, నోరు తెరచినది తెలిసికొని, రెండవ చేతితో ముద్ద అందించును. ప్రాకు బిడ్డ కాళ్లకు మువ్వలు కట్టును. మనము ముద్దు కొరకు కట్టు మువ్వలు ఆమెకు బిడ్డ జాడ తెలుపును. చప్పుడు ఆగినచో వెంటనే లేచి బిడ్డ యొద్దకు పోవును. ఒక మందు సీసా మెడకు ఒక దారము, మరియొక దానికి రెండు దారములు చుట్టును. వీధికి పోవునపుడు బిడ్డ బండిని ముందునకు త్రోయక వెనుకకు లాగుకొని పోవుట ఈ తల్లులలో వాడుకయందున్న పద్ధతి. ఏలయన, దారిలోని గోయి గాని రాయి గాని మొదట చేతికఱ్ఱకు తగులవలెను, బిడ్డకు తగులరాదు. బండి లేనివారు పసిబిడ్డను గుడ్డతో ఒడలికి కట్టుకొందురు. అపుడు ఒక చేయి కఱ్ఱకు ఖాళీగా నుండును. ఇందు అద్భుతమేమియు లేదు. ఇవి నేర్చుకొనదగిన పద్ధతులు, నేర్పదగిన పద్ధతులు.

“తాను చదువలేనిది బిడ్డ నెట్లు చదివించును?” అనునది రెండవ శంక. ఫ్రాన్సు దేశమున 1809లో జన్మించిన లూయీ బ్రెయిలు అనునతడు మూడవ యేట తండ్రి కర్మశాలలో ఆడుకొనుచుండగా, తోలునకు తూట్లు పొడుచు మొనగల పనిముట్టు కంటికి తగిలెను. ఆ గాయము చెడి కొలది కాలమునకు రెండు కన్నులును పోయెను. అతడే పదునైదవ యేట, అనగా 1824లో, వ్రేలితో తడవి చదువదగిన ఆరు చుక్కల లిపిని కల్పించెను. 1829లో దానిని ప్రకటించెను. రెండు నిలువు వరుసలలో మూడేసి చుక్కలుండును. వానిలో ఏవేవి ఉబ్బెత్తుగా నున్నవో దానిని బట్టి 63 గుర్తులు ఏర్పడును.

మన దేశ భాషలకు 1951 నాటికి భారతి బ్రెయిలు అను ఉమ్మడి లిపి ఏర్పడెను. ఇందు మన ప్రాంతమువారు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఇచటి పిల్లలు తెలుగును తమిళమును నేర్చుచున్నారు. కన్నడము అనుదినము చెవిని బడుచుండును. ఈ మూడు లిపులును కంటికి వేరువేరు. భారతి బ్రెయిలునందు ‘అ’ అను అక్షరము మూడు భాషలకును ఒకటవ చుక్కయే. ‘క’ ఒకటవ, మూడవ చుక్కలు. ‘మ’ ఒకటవ, మూడవ, నాల్గవ చుక్కలు. కంటికి వేరుగా నున్న భాషలు వ్రేలికి చుట్టములైనవి. హోసూరు ప్రాంతపు అంధబాలిక ఒక్క లిపి నేర్చినచో మూడు భాషల వాకిళ్లు ఆమెకు తెరచుకొనును.

నేటి చేతిఫోనులు తెరమీది తెలుగు అక్షరములను చదివి వినిపించుచున్నవి. కంప్యూటరు తెరను చదివి వినిపించు ఎన్.వి.డి.ఎ. అను ఉచిత సాధనమును 2006లో ఆరంభించిన ఆస్ట్రేలియా దేశస్థుడు మైకేల్ కరన్ తానును అంధుడే. కావున అంధురాలగు తల్లి బిడ్డచేత పాఠము చదివించి తప్పు దిద్దగలదు, కార్యాలయపు లేఖలను చదివి ప్రత్యుత్తరము వ్రాయగలదు. అంగడికి పోవుటకును ఉపాయము కలదు. బాలబాలికలారా, ఇంట నున్న క్రొత్త 100 రూపాయల నోటును తీసికొని కన్నులు మూసి అంచులు తడవి చూడుడు. నాలుగు ఉబ్బు గీతలు వ్రేలికి తగులును. 500 రూపాయల నోటున ఐదు గీతలుండును. అవి చూపులేనివారి కొరకు ముద్రింపబడినవే.

ఇక ఉద్యోగము మాట. చెన్నపట్టణపు బెనో జెఫీన్‌కు పుట్టుకతో చూపులేదు. తల్లి పుస్తకములను పత్రికలను చదివి వినిపింపగా విని చదువుకొనెను. బ్యాంకు ఉద్యోగము చేసి, 2015లో భారత విదేశాంగ సేవయందు ప్రవేశించెను. పూర్ణాంధులలో ఆ పదవి నందుకొన్న తొలి వ్యక్తి ఆమెయే. మహారాష్ట్రమునకు చెందిన ప్రాంజల్ పాటిల్ 2016లో వెలువడిన సివిల్ సర్వీసు పరీక్షా ఫలితములందు 773వ స్థానము పొందగా, చూపులేదను కారణమున రైల్వే లెక్కల (అకౌంట్స్) సేవయందు ఆమెకు ఉద్యోగము నిరాకరింపబడెను. ఆమె మరల పరీక్ష వ్రాసి 124వ స్థానము పొంది ఐ.ఎ.ఎస్. అధికారిణి యయ్యెను, 2019లో తిరువనంతపురమున సబ్ కలెక్టరు పదవిని స్వీకరించెను. ఆ మూడేండ్లలో ఆమె చూపు మారలేదు. ఆమెను గూర్చిన అంచనా మారినది.

తల్లియై ఉద్యోగము చేసినవారిని చూతము. అమెరికా దేశపు మార్లా రన్యాన్‌కు తొమ్మిదవ యేట నుండి చూపు క్షీణించెను. ఆమె 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలందు 1500 మీటర్ల పరుగున, చూపున్నవారితో పోటీపడి, 8వ స్థానమున నిలిచెను. 2005లో కుమార్తెకు తల్లియయ్యెను. అటుపిమ్మట అంధ విద్యార్థులకు ఉపాధ్యాయినిగా పనిచేసెను. ఇద్దరు కుమారుల తల్లియగు క్రిస్టెన్ కాక్స్ చూపులేని స్త్రీయే. ఆమె మేరీలాండు రాష్ట్రమున వికలాంగుల శాఖకు కార్యదర్శిగాను, తరువాత యూటా రాష్ట్రమున ఆయవ్యయముల శాఖకు అధికారిణిగాను పనిచేసెను.

ఇన్ని ఉపాయములుండగా, ఇందరు చేసి చూపగా, ఇంకను మిగిలిన కష్టమేమి? లోకుల మాట. ఉద్యోగమునకు పోయినచో “బిడ్డ గతి యేమి?” అందురు. ఇంట నున్నచో “ఆమెకు ఉద్యోగ మెవరిత్తురు?” అందురు. చూపున్న తల్లి బిడ్డ పడినచో “పిల్లలన్న తరువాత పడకుందురా?” అందురు, చూపులేని తల్లి బిడ్డ పడినచో “మేము ముందే చెప్పితిమి గదా!” అందురు. ఆమె ఎదుటనే నిలిచి, ఆమెను విడిచి, ప్రక్కనున్నవారితో “ఆమెకు కాఫీలో చక్కెర వేయవచ్చునా?” అని అడుగుదురు.

ఈ తక్కువ అంచనా ఒక్కొక్కచో మాటతో ఆగదు. 2010లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున అంధదంపతులకు ఆడుబిడ్డ పుట్టెను. తల్లి తొలిసారి పాలిచ్చునపుడు బిడ్డకు క్షణకాలము ఊపిరి ఆడకపోయెను. తొలిచూలు తల్లుల కెందరికో ఎదురగు ఇబ్బందియే అది. అయినను తల్లిదండ్రులకు చూపులేదను కారణమున అధికారులు ఆ పసికందును వేరొకరి ఇంట ఉంచిరి. అంధుల సంఘము పూని పోరాడగా 57 దినముల పిమ్మట బిడ్డ తల్లి ఒడి చేరెను. ఆ తల్లి చేసిన నేర మేమియు లేదు. చేయజాలదను ఊహయే ఆమెకు శిక్ష యయ్యెను.

ఇట్టి అన్యాయము జరుగరాదనియే ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 23వ అధికరణము, తల్లిదండ్రుల వైకల్యమును కారణముగా జూపి బిడ్డను వారినుండి వేరుచేయరాదని చెప్పుచున్నది. భారతదేశము 2007లో ఈ ఒడంబడికను ధ్రువపరచెను. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు వికలాంగులకు కేటాయింపవలెననియు, అందొకటి చూపులేనివారికిని మందచూపు గలవారికిని చెందవలెననియు విధించినది. వికలాంగ స్త్రీల జీవనోపాధికిని వారి బిడ్డల పెంపకమునకును ప్రభుత్వములు తోడ్పడవలెనని అందే కలదు. కేంద్రప్రభుత్వోద్యోగినులగు వికలాంగ స్త్రీలకు బిడ్డ పుట్టినది మొదలు రెండేండ్లు నిండువరకు ప్రత్యేక భత్యము కలదు. 2017లో నెలకు 3000 రూపాయలుగా నిర్ణయింపబడిన ఈ భత్యము 2024లో 3750 రూపాయలైనది. చూపులేని అభ్యర్థి యొకరి తల్లి వ్రాసిన లేఖనే వ్యాజ్యముగా స్వీకరించి, సుప్రీము కోర్టు 2025 మార్చి 3వ తేదీన చూపులేదను కారణమున న్యాయాధికారి పదవికి ఎవరిని అనర్హులుగా చేయరాదని తీర్పు చెప్పెను.

చట్టము వాకిలి తెరవగలదు. లోనికి రమ్మని పిలువవలసినవారు ఇరుగుపొరుగువారు, బంధువులు, బడివారు. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున అంధ విద్యార్థికి పాఠము చెప్పు విధమును కొంత నేర్చితిమి. అంధురాలగు తల్లి బడికి వచ్చినపుడు ఆమెతో వ్యవహరించు విధమును మాత్రము ఎవరును నేర్పలేదు. అది కష్టమైన విద్య కాదు. పేరు చెప్పుకొని పలుకరింపవలెను. కుర్చీ వీపును ఆమె చేతికి తగులనీయవలెను. బిడ్డను గూర్చి ఆమెతోనే మాటలాడవలెను. సమావేశపు సమాచారమును కాగితముపై పంపుటతో ఆగక ఫోనులో చెప్పవలెను. మార్కుల పట్టీని ఉపాధ్యాయుడే చదివి వినిపింపవలెను. బిడ్డచేత చదివించినచో 35 మార్కులు 53 అగు ప్రమాదము కలదు!

అట్టి తల్లి బిడ్డ మీ తరగతిలో నుండవచ్చును. బాలబాలికలారా, “మీ అమ్మకు కన్నులు నీవే గదా” యని ఆ బిడ్డతో అనకుడు. తల్లికి చేయి అందించుట ఏ బిడ్డకైనను ముచ్చటయే. కాని ఆ బిడ్డ మొదట విద్యార్థి, తరువాతనే తోడు. తల్లి ఆ బిడ్డను పెంచుచున్నది గాని ఆ బిడ్డ తల్లిని పెంచుటలేదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట గాని మీ వీధిలో గాని చూపులేని బాలిక యున్నచో ఆమెను మూల కూర్చుండబెట్టకుడు. ఆరు మొదలు పదునెనిమిదవ యేటివరకు ఉచితముగా చదువుకొను హక్కును, నూటికి నలువది పాళ్లు మొదలు ఆపైన వైకల్యము గల పిల్లలకు అదే 2016 చట్టము ఇచ్చినది. దగ్గరి బడియందు గాని ప్రత్యేక పాఠశాలయందు గాని ఆమెను చేర్పింపవచ్చును. ఆమెచేత బియ్యము కడిగింపుడు, ఎసరు కొలిపింపుడు, తమ్ముని ఎత్తుకొననిండు. నేడు ఆ పనులు నేర్వనీయక, రేపు “ఈమె సంసార మెట్లు చేయును?” అని అడుగుట న్యాయము కాదు.

తమిళనాట తెలుగు బడిలో చదువు మన పిల్లలను, పరీక్షింపకయే, “వీరేమి చేయగలరు?” అని ఎవరైన త్రోసిపుచ్చినచో మనకెంత నొప్పి కలుగును! ఆ నొప్పి ఎరిగిన మనము మరియొకరి విషయమున అదే మాట పలుకరాదు. అంధురాలగు తల్లి ఎదురైనపుడు “పాపము” అని నిట్టూర్పు విడిచి పోకుడు. “అమ్మా, ఈ పని మీరెట్లు చేయుదురు?” అని అడుగుడు. ఆమె చెప్పును. మనము నేర్చుకొందము.