చక్రాల మీద ఇరుగుపొరుగు

విదేశీ రోడ్ల మీద క్యాంపర్ వ్యాన్లలో పుట్టే స్నేహాలు మూణ్ణాళ్ల ముచ్చటేనా? ట్రాన్స్‌ఫర్ కాగితం చేతిలో పట్టుకుని సరోజినీ నగర్ క్వార్టర్లలో కాపురాలు చేసినవారికి ఆ ప్రశ్న కొత్త కాదు.

ఏప్రిల్ నెల. దక్షిణ ఢిల్లీలో ఎండ మాడు పగలగొడుతుంటుంది. సరోజినీ నగర్ మార్కెట్లో కాటన్ కుర్తాల గుట్టల చుట్టూ జనం మూగి ఉంటారు. వారి మధ్యలోంచి దారి చేసుకుంటూ, నడివయసు దాటిన దంపతులు ఒకరిద్దరు చలికాలంలో అమ్ముడుపోక మిగిలిన స్వెట్టర్ల కోసం దుకాణాలు గాలిస్తుంటారు. దుకాణదారు ఆశ్చర్యపోడు. కొడుకో కూతురో అమెరికాలో ఉండి ఉంటారని అతనికి తెలుసు. అతనికి తెలియనిదల్లా ఆ స్వెట్టర్లు తొడుక్కుని వాళ్లు ఎక్కబోయే బండి సంగతే. పిల్లలు ఈసారి హోటల్ తీసుకోలేదు. పడక, పొయ్యి, సింకు, ఫ్రిజ్, కొన్నిటిలో మరుగుదొడ్డి కూడా ఉన్న వ్యాను అద్దెకు తీసుకున్నారు. పోతున్నది ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు. అక్కడ జూన్‌లోనూ రాత్రివేళ సున్నా డిగ్రీల దాకా చలి పడుతుంది మరి.

కారవాన్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది సినిమా హీరో మేకప్ బండి. దాని తలుపు లోపలి నుంచి వేసి ఉంటుంది, బయట మనిషి కాపలా ఉంటాడు. విదేశాల్లో క్యాంపర్ వ్యాను దీనికి పూర్తిగా ఎదురు. బండి ఆపగానే తలుపు తెరుస్తారు, కుర్చీలు బయట వేస్తారు. పది నిమిషాల్లో పక్క వ్యాను వాళ్లు పలకరిస్తారు.

అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల కష్టం తెలిసినవారికి ఈ పలకరింపు విలువ తెలుస్తుంది. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి పోతే ఇంట్లో మిగిలేది ఇద్దరే. కారు లేనిదే వీధి దాటలేరు. పక్కింటి వాళ్లు చెయ్యి ఊపి గ్యారేజీ తలుపు దించేసుకుంటారు. జీవితమంతా గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో గడిపిన మనిషికి అది ఒంటరి ఖైదులా ఉంటుంది. అలాంటివారికి నాలుగు రోజుల వ్యాను ప్రయాణంలో పోయిన ఇరుగుపొరుగు మళ్లీ దొరుకుతుంది.

గొట్టం దగ్గర పరిచయం

ఆ పరిచయం ఎలా మొదలవుతుందో చూస్తే నవ్వొస్తుంది. క్యాంపు మైదానంలో ఒక్కో బండికి కొంత జాగా, కరెంటు ప్లగ్గు, నీటి కుళాయి ఉంటాయి. వాడిన నీరు ఒక ట్యాంకులో, మరుగుదొడ్డి మురుగు ఇంకో ట్యాంకులో చేరతాయి. నిండాక వాటిని నిర్దేశించిన చోటికి తీసుకెళ్లి గొట్టంతో ఖాళీ చేయాలి. ఏ ట్యాంకు ముందు తెరవాలి? మురుగుదే ముందు. తర్వాత వాడిన నీటిని వదిలితే గొట్టం శుభ్రపడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కుర్రాడికి తెలియని ఈ చిట్కాను, ఏళ్ల తరబడి అలాంటి బండిలోనే తిరుగుతున్న రిటైర్డ్ పెద్దాయన ఎవరో వచ్చి చేతి తొడుగులతో సహా నేర్పుతాడు. పొద్దున అలా మొదలైన మాట సాయంత్రానికి ఉప్మా దాకా వస్తుంది.

కట్టెల కథ మరొకటి. చెట్లను తినేసే పురుగులు కట్టెల్లో దాక్కుని ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పాకుతాయని, వంటచెరకును దూరం మోసుకెళ్లవద్దని అమెరికాలో గట్టి ప్రచారం ఉంది. చాలాచోట్ల ఆంక్షలూ ఉన్నాయి. దాంతో క్యాంపు ఖాళీ చేసేవారు మిగిలిన కట్టెల్ని పక్కవారికి ఇచ్చి వెళతారు. న్యూజిలాండ్‌లో హాలిడే పార్కుల వంటిళ్లు ఉమ్మడివి. పోయేవారు మిగిలిన బియ్యం, నూనె, ఉప్పు అరలో వదిలేస్తారు. వచ్చేవారు తీసుకుంటారు.

నియమాలు కూడా మనుషుల్ని దగ్గర చేస్తాయి. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి వాసన వచ్చేది ఏదీ బయట బల్ల మీద ఉంచకూడదు. గట్టి గోడల బండి లోపలైనా, ప్రత్యేకమైన ఇనప పెట్టెలోనైనా దాచాలి. ఆవకాయ సీసాకూ మినహాయింపు లేదు. అది ఎందుకంత ఎర్రగా ఉందో పక్కవారికి వివరించడానికే ఒక సాయంత్రం పడుతుంది.

పాత ఫోక్స్‌వాగన్ వ్యాన్ల యజమానులది ఇంకాస్త గట్టి బంధం. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో గీసిన చిన్న బొమ్మ నుంచి పుట్టిన ఈ బండి 1950లో ఉత్పత్తిలోకి వచ్చింది. వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ సంస్థ దానిలో పడక, అల్మారా అమర్చి ఇల్లుగా మార్చింది. బ్రెజిల్‌లో దీని తయారీ 2013 దాకా సాగింది. ఎదురుపడిన రెండు పాత ఫోక్స్‌వాగన్ల డ్రైవర్లు చెయ్యి ఊపుకోవడం ఆచారం. దాని వెనక మర్యాదతో పాటు అవసరమూ ఉంది. అంత పాత ఇంజన్ ఎక్కడ మొరాయిస్తుందో తెలియదు. మొరాయించినప్పుడు ఆగేది ఆ చెయ్యి ఊపినవాడే.

ఢిల్లీ ఒకప్పుడు మజిలీ

సరోజినీ నగర్ తల్లిదండ్రులకు ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్న ఈ లోకం ఒకప్పుడు వాళ్ల ఢిల్లీకే నడిచొచ్చింది. 1957 ఏప్రిల్ 15న ఓస్వాల్డ్ జోసెఫ్ గారో ఫిషర్ అనే ఆయన 'ఇండియామ్యాన్' పేరుతో లండన్‌లో బస్సు బయలుదేరదీసి జూన్ 5న కలకత్తా చేర్చాడు. టికెట్టు 85 పౌండ్లు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ల పాటు టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా బస్సులు, వ్యాన్లు, డొక్కు కార్లు ఢిల్లీకి, అక్కడి నుంచి కఠ్మాండుకు వస్తూనే ఉన్నాయి.

ఆ దారిలో తోడు వెతుక్కునే చోట్లు ప్రసిద్ధం. ఇస్తాంబుల్‌లో లాలే రెస్టారెంట్‌ను ప్రయాణికులు 'పుడ్డింగ్ షాప్' అని పిలిచేవారు. తూర్పుకు పోయే బండిలో చోటుందని ఒకరు, పెట్రోలు ఖర్చు పంచుకుంటామని మరొకరు అక్కడి నోటీసు బోర్డు మీద చీటీలు అంటించేవారు. ముక్కూమొహం తెలియనివారు ఆ చీటీతో జత కలిసి వేల కిలోమీటర్లు ఒకే బండిలో ప్రయాణించారు.

1972లో టోనీ వీలర్, మౌరీన్ వీలర్ అనే కొత్త దంపతులు 65 పౌండ్లకు పాత మినీవ్యాన్ కొని లండన్ నుంచి ఇదే దారి పట్టారు. కాబూల్‌లో దాన్ని కాస్త లాభానికే అమ్మేసి, మిగతా దూరం దొరికిన వాహనాల్లో పోయి ఆస్ట్రేలియా చేరేసరికి చేతిలో 27 సెంట్లు మిగిలాయి. ఎలా వెళ్లారని అడిగినవారికి జవాబు చెప్పీ చెప్పీ 1973లో చిన్న పుస్తకం వేశారు. లోన్లీ ప్లానెట్ సంస్థ అలా పుట్టింది.

బండిని భారత్‌లో అమ్మడం అంత సులువు కాదు. విదేశీ వాహనానికి 'కార్నెట్' అనే కస్టమ్స్ పుస్తకం ఉండాలి. దేశంలోకి వచ్చేటప్పుడు ఒక ముక్క, పోయేటప్పుడు ఒక ముక్క చింపుతారు. బయటికి పోయినట్టు ముద్ర లేకపోతే సుంకం మెడకు చుట్టుకుంటుంది. బండి ఉన్నవాడు బండితోనే తిరిగి పోవాలి. కలిసి వచ్చినవారిలో కొందరు రైలెక్కి గోవాకో, కాశీకో పోతారు. అలా చాలా జట్లు ఢిల్లీలోనే విడిపోయేవి.

ఢిల్లీ గేట్ దగ్గర ఇర్విన్ ఆస్పత్రి ఎదురుగా ఉన్న టూరిస్ట్ క్యాంపులో ఆ వ్యాన్లు ఆగేవి. వీసాల కోసం చాణక్యపురి చుట్టూ తిరిగేవారు. దాని పక్కనే సరోజినీ నగర్. విడిపోయిన స్నేహితులకు ఆధారం పోస్టాఫీసు ఒక్కటే. ఫలానా పోస్టాఫీసులో మనిషి వచ్చి తీసుకునేదాకా ఉత్తరం ఉంచే 'పోస్ట్ రెస్టాంట్' పద్ధతి ఉండేది. 'న్యూఢిల్లీ' అని రాయకుండా వట్టి 'ఢిల్లీ' అని రాస్తే ఉత్తరం పాత ఢిల్లీకి పోయేది. ఆ ఒక్క మాట రాయడం మరిచినందుకు స్నేహాలు తెగిపోయే రోజులవి.

1979లో ఆ దారి మూతపడింది. ఏడాది మొదట్లో ఇరాన్‌లో విప్లవం, చివర్లో అఫ్ఘానిస్థాన్‌లోకి సోవియట్ సేనలు. తర్వాతి దశాబ్దాల్లో పట్టుదల గల కొందరు ఇరాన్ నుంచి బలూచిస్థాన్ మీదుగా, పోలీసు కాపలాతో వరసగా బండ్లు నడుపుకుంటూ అట్టారి చేరేవారు. పహల్‌గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో అట్టారి చెక్‌పోస్టునూ భారత్ మూసేసింది. తూర్పున మయన్మార్ దారి 2020లో కోవిడ్‌తో ఆగి, 2021 సైనిక తిరుగుబాటుతో మరీ జటిలమైంది. నేపాల్ వైపు తప్ప మిగతా దిక్కుల నుంచి వ్యానుతో రావాలంటే ఓడలో కంటైనరే శరణ్యం. కంటైనర్‌కు సహప్రయాణికులుండరు.

టైప్-2 స్నేహాలు

ఈ కథ సరోజినీ నగర్ వారికి పరాయిది కాకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒకప్పుడు వినయ్ నగర్ అనే ఈ కాలనీకి హైదరాబాద్‌లో పుట్టి, గోవిందరాజులు నాయుడిని పెళ్లాడి తెలుగింటి కోడలైన సరోజినీ నాయుడు పేరు పెట్టారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు అవి. జీతాన్ని బట్టి టైపు, టైపును బట్టి గదులు. గోడకు అటు పంజాబీ, ఇటు బెంగాలీ, మేడ మీద ఏలూరు నుంచి వచ్చిన గుమాస్తా. ఎవరి ఇల్లూ ఎవరికీ సొంతం కాదు. బదిలీ అయినా, రిటైరైనా డైరెక్టరేట్ ఆఫ్ ఎస్టేట్స్‌కు తాళం ఇచ్చేయాల్సిందే.

ఇష్టాయిష్టాలు చూసుకుని అక్కడ ఎవరూ స్నేహం చేయలేదు. నీళ్లు వచ్చే వేళ ఒకటే, సిలిండర్ అయిపోతే అడిగేది పక్కింటినే, ఎల్‌టీసీ మీద ఊరెళితే తాళం చెవి ఇచ్చేదీ వారికే. క్యాంపు మైదానానికి, క్వార్టరుకు తేడా చక్రాలే. రెండిచోట్లా జాగా తక్కువ, పని ఉమ్మడి, వెళ్లిపోవడం ఖాయం. వెళ్లిపోతామని ముందే తెలిసినవారు పంతాలకు పోవడం తక్కువ, సాయానికి ఆలస్యం చేయడం తక్కువ. పూర్తిగా పోట్లాటలు లేవని కాదు. రాత్రి పది దాటాక జెనరేటర్ మోగితే క్యాంపులో, కుళాయి దగ్గర బిందె జరిగితే కాలనీలో గొడవే.

అయితే ఈ స్నేహాలు నిలుస్తాయా? చాలావరకు నిలవవు. నంబర్లు రాసుకుంటారు, ఫొటోలు పంపుకుంటారు, పండక్కి ఒక మెసేజ్, ఆ తర్వాత మౌనం. నిలిచినవాటిని చూస్తే మాత్రం ఒక సంగతి తేలుతుంది. విడిపోయాక ఎవరో ఒకరు శ్రమ తీసుకున్నారు. మన ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నం నుంచి వందమంది పరివారంతో, పల్లకీలు, డేరాలతో కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగాడు. అదీ కదిలే ఇల్లే. దారిలో చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ పోయాడు. ఆ రాతల నుంచే 'కాశీయాత్ర చరిత్ర' వచ్చింది. దాన్ని 1838లో అచ్చు వేయించింది శ్రీనివాస పిళ్లెనే. అప్పటికి వీరాస్వామి లేడు.

సరోజినీ నగర్‌తో సహా ఏడు కాలనీల పునర్నిర్మాణానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2018లో చెట్ల నరికివేతపై జనం రోడ్డెక్కారు, హైకోర్టు జోక్యం చేసుకుంది. అదే ఏడాది మెట్రో స్టేషన్ వచ్చింది. పాత క్వార్టర్ల స్థానంలో టవర్లు లేచాయి. లిఫ్టు తలుపు మూసుకుంటే పక్కింటివారెవరో తెలియని ఇళ్లు అక్కడికీ వచ్చాయి.

పాత రోజుల్లో క్వార్టరు ఖాళీ చేసేవారు లారీలో పట్టనివి పక్కవారికి ఇచ్చి వెళ్లేవారు. తులసి కోట, నవారు మంచం, కూలర్ స్టాండు. ఎల్లోస్టోన్‌లో కట్టెలు ఇచ్చే చేతులు చేసేదీ ఆ పనే. అందుకే తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు బరువు ఎక్కువైనప్పుడు ఆ తల్లికి ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. బేరమాడి కొన్న సరోజినీ నగర్ స్వెట్టరును, గొట్టం పట్టడం నేర్పిన పెద్దాయన భార్యకు ఇచ్చేస్తుంది. ఆమె చిరునామా మాత్రం కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకుంటుంది. తర్వాత ఉత్తరం రాస్తుందా లేదా అన్నదాని మీదే మిగతా కథ ఆధారపడి ఉంది.