పొణకా కనకమ్మ

పెన్నానది సముద్రాన్ని చేరే నెల్లూరు సీమలో స్వాతంత్ర్యోద్యమానికి అండగా నిలిచిన మహిళలలో అగ్రగణ్యురాలు పొణకా కనకమ్మ. ఆమె 1892లో మినగల్లు గ్రామంలో సంపన్న కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే వివాహమై పొట్లపూడి చేరారు. బడికి పోయే అవకాశం లేకపోయినా ఇంటివద్దనే స్వయంకృషితో చదువుకొని కవయిత్రిగా పేరుపొందారు.

స్త్రీ గడప దాటి సభలో మాట్లాడడమే సాహసమైన కాలమది. తొలుత అతివాదులను అభిమానించిన కనకమ్మ, అనంతరం గాంధీజీ మార్గాన్ని అనుసరించారు. పెన్నాతీరాన పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమానికి 13 ఎకరాల భూమిని సమకూర్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఆ ఆశ్రమాన్ని ప్రారంభించారు.

దేశానికి స్వాతంత్ర్యం లభించినా, విద్య లేని స్త్రీకి పరాధీనత తప్పదు. అందుచేత కనకమ్మ ఉద్యమంతో పాటు విద్యావ్యాప్తినీ చేపట్టారు. 1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని నెలకొల్పారు. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. 1930 తరువాత సాగిన శాసనోల్లంఘనోద్యమంలో పాల్గొని ఆమె రాయవేలూరులో కారాగారవాసం అనుభవించారు.

తనకు దక్కని చదువును తోటి స్త్రీలకు అందించడానికి ఆస్తిని, ఆయుష్షును వెచ్చించిన కనకమ్మ 1963లో పరమపదించారు. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ 2011లో గ్రంథరూపం దాల్చింది. రాజకీయమంటే పదవి మాత్రమే కాదని, ప్రజలకోసం చేసే త్యాగమని ఆమె జీవితం తెలియజేస్తుంది.